వచ్చినయ్ అనుకో

పదకొండింటికి రమ్మన్నాడు, పది నిమిషాల ముందే వచ్చాను, ఇప్పుడు పదకొండున్నర దాటింది, సురేశ్ ఇంకా ఆ గాజు గదిలోనే ఫోన్ చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు, నేను ఈ సోఫాలో. మరీ మెత్తటి సోఫా, కూర్చుంటే లోపలికి దిగిపోతాం, లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేవాలి. ప్రాసెసర్లు పంపిణీ చేసే ఆఫీసుకి ఇంత మెత్తటి సోఫా ఎందుకో పంతొమ్మిదేళ్ళుగా నాకు తట్టలేదు, ఇవాళ తడుతోంది. కిటికీలోంచి నారాయణగూడ మెట్రో కనిపిస్తోంది, రైలు వచ్చి ఆగుతోంది, వెళ్తోంది. ఒక్క స్టేషన్ అవతల చిక్కడపల్లి, దిగి నాలుగడుగులు వేస్తే మా వర్క్‌షాపు, అక్కడ వరసగా ఎనభై కంప్యూటర్లు, నా కంప్యూటర్లు, ఒక్కొక్క దాని నుదుటి మీదా ‘నిహారిక’ అని నా పేరు కాని నా పేరు. తలుపు తెరిచే ఉంది. నన్నెవరూ కట్టి కూర్చోబెట్టలేదు. లేచి వెళ్ళొచ్చు, వెళ్తే నా వంతు ప్రాసెసర్లు నా తర్వాత ఈ సోఫాలో కూర్చునేవాళ్ళకి వెళ్ళిపోతాయి, అంతే, అంతకంటే ఏమీ జరగదు.

ఫోన్ వణికింది. రాఘవేందర్. ఇది ఆరోసారి. ఎత్తను. ఎత్తి ఏం చెప్పాలి? ఆయన అశోక్‌నగర్‌లో పదేళ్ళు ఉద్యోగ పరీక్షలకి లెక్కలు చెప్పిన మనిషి, గొంతు పోయేదాకా చెప్పి, కిందటేడు ఒక మూతపడ్డ ఫంక్షన్ హాలు పై అంతస్తు తీసుకుని పాత కంప్యూటర్లతో ఆన్‌లైన్ పరీక్షా కేంద్రం పెట్టాడు, అవి మందగించాయని కొత్తవి ఎనభై మాకు చెప్పాడు. ఆదివారం పరీక్ష. ఇవాళ బుధవారం, సాయంత్రం నాలుగింటికి పరీక్ష పెట్టేవాళ్ళు తనిఖీకి వస్తారు, ఎనభై కంప్యూటర్లు వెలగాలి, వెలగకపోతే కేంద్రం రద్దు చేస్తారు, మళ్ళీ ఇవ్వరు. ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు వేళ్ళతో బల్లమీద మెల్లగా తడుతూ చెప్పాడు, సుద్దముక్క పట్టుకునే వేళ్ళు. నేనేమో మీకెందుకండీ, నిహారిక ఉందిగా అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. నిహారిక ఉంది, నిజమే, పెట్టె ఉంది, బోర్డు ఉంది, మెమరీ ఉంది, ఫ్యాను ఉంది, తీగలన్నీ మా వర్క్‌షాపులో పనిచేసే మనీష జడ అల్లినంత ఒద్దికగా కట్టేసింది. నడుమ రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద చోటు ఒకటి నల్లటి ప్లాస్టిక్ మూతతో ఖాళీగా ఉంది. ఎనభై పెట్టెల్లో ఎనభై నల్లటి మూతలు.

ఆ ప్రాసెసర్ ఎక్కడో పుడుతుంది, ఇంకెక్కడో పరీక్ష పాసవుతుంది, ఓడలో కాదు విమానంలో వస్తుంది, వచ్చినవాటిని ఎవరికెన్ని అని పంచే కాగితం మాత్రం సురేశ్ బల్లమీదకి వస్తుంది. ఆ పంపకాన్ని వీళ్ళు ‘అలాట్‌మెంట్’ అంటారు, నాకెప్పుడూ రేషన్ అనే వినిపిస్తుంది. ఈ ఏడంతా తెగ కరువు, పెద్ద పెద్ద సర్వర్ల వాళ్ళు మొత్తం ఊడ్చుకుపోతున్నారట. పేరున్న కంపెనీల మనుషులు ఈ సోఫాలో కూర్చోరు. ఇందాక ఒకతను వచ్చాడు, గాజు తలుపు తోసుకుని నేరుగా లోపలికి వెళ్ళాడు, అయిదు నిమిషాల్లో బయటికొచ్చాడు, నన్ను చూసి నవ్వాడు కూడా, మర్యాదస్థుడు. మేం కూడా కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళమే బాబూ అని చెప్పాలనిపించింది. తయారీ అనే మాట దగ్గరే నాకు రోషం. మా పెట్టెల వెనక చీటీ మీద ‘తయారీ: చిక్కడపల్లి, హైదరాబాద్’ అని వేయించాను. అసెంబ్లింగ్ అంటే ఊరుకోను. అయితే కొనడానికి వచ్చిన వాళ్ళెవరూ ఎవరు చేశారని అడగరు, లోపల ఏముంది అంటారు. ఆ లోపలున్న ప్రాసెసర్ కంపెనీవాళ్ళ మెరుపు స్టిక్కరు ఎంత సైజులో, ఎక్కడ, ఎంత ఎత్తున అంటించాలో వాళ్ళే రాసి పంపిస్తారు, నా నిహారిక దానికంటే కిందే ఉండాలి. ఉంటోంది.

నాన్న అడిగాడు అప్పుడే. కాశీవిశ్వనాథం గారి టైపు ఇన్‌స్టిట్యూట్ అంటే చిక్కడపల్లిలో పాతవాళ్ళకి ఇప్పటికీ తెలుసు, తెనాలి నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి పద్దెనిమిది మెషీన్లు పెట్టాడు, ఏ అక్షరం ఇరుక్కున్నా పైమూత తీసి, వంగిన పుల్లని ఆకురాయితో రుద్ది, మళ్ళీ పెట్టి, టకటక కొట్టి చూసి, “అయిపోయిందనుకోండి” అనేవాడు. అయిపోయాకే అనేవాడు. నేను మొదటి కంప్యూటర్ బిగించిన రోజు లోపలికి తొంగిచూసి, ఇందులో మనం చేసిందేదమ్మా అన్నాడు. కూర్చింది నేనే నాన్నా అన్నాను. మరి ఈ ముక్క? అది కొనుక్కొచ్చాను. అది పాడైతే? ఇంకోటి కొంటాను. అది రాకపోతే? నేను పగలబడి నవ్వాను, ఎందుకు రాదు నాన్నా, బజారు నిండా అవే! ఆయన నవ్వలేదు, ఆ ముక్కని వెలుతురుకి ఎత్తిపట్టి, వెనక సన్నటి సూదుల్లాంటి కాళ్ళు చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. ఒకసారి అలాంటిది మా బల్లమీంచి జారి పడింది, కాళ్ళు మూడు వంగాయి, ములుకు తీసేసిన పెన్-పెన్సిల్ సన్నటి గొట్టాన్ని ఒక్కో కాలికి తొడిగి, భూతద్దంలో చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను, అది పనిచేసింది, ఆ రోజు నాకు నేను తెగ నచ్చాను. ఇప్పుడు ఆ ముచ్చటా లేదు. కంపెనీవాళ్ళు కాళ్ళని ప్రాసెసర్ నుంచి తీసేసి బోర్డులో పెట్టారు, వాళ్ళ ముక్క చదునుగా, నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది, వంగే గుణమంతా మా వైపుకి వచ్చేసింది. వంగితే తప్పు మాది, వాళ్ళు చూడరు కూడా.

“మీయి ఎన్నమ్మా?” పక్కనుంచి మాట. లక్ష్మయ్య గారు, బర్కత్‌పురలో కంప్యూటర్ల షాపు, ఎప్పుడొచ్చి కూర్చున్నాడో గమనించనే లేదు. ఎనభై అన్నాను. “ఎనభై!” అని తల ఊపాడు. “నాకు ఆరు. ఆరిటికే మూడు దినాల సంది తిరుగుతున్న. నేనైతే పోయినేడు నా పేరు తీసేసిన. పెద్ద కంపెనీలోళ్ళ డబ్బాలే తెచ్చి అమ్ముతున్న. పరేషాని లేదు, నిమ్మలంగున్న.” ఆయన కూడా ఒకప్పుడు సొంత పేరుతో చేసేవాడు, మా కంటే ముందు మొదలెట్టాడు, నీలం అక్షరాలతో ఒక గుర్తు ఉండేది, ఆ గుర్తు పేరేమిటో ఎంత తన్నుకున్నా ఇప్పుడు గుర్తుకు రావటం లేదు, ఆయన్ని అడగటానికి మొహమాటంగా ఉంది. నిమ్మలంగా ఉన్నవాడు మూడు రోజుల నుంచి ఈ సోఫా చుట్టూ ఎందుకు తిరుగుతున్నాడో మరి.

రెండో కంపెనీ ప్రాసెసర్లు కొనొచ్చుగా అంటారు అందరూ, తమ్ముడూ అంటాడు, బ్యాంకువాళ్ళూ అంటారు, నాకు తోచనట్టు. కొనొచ్చు, కానీ అవి ఈ బోర్డుల్లో కూర్చోవు, చోటు కొలత వేరు, ఈ చెప్పులో వాళ్ళ పాదమే పడుతుంది, అదీ ఈ ఏటి పాదమే, రెండేళ్ళకోసారి వాళ్ళు పాదం మారుస్తారు, అప్పుడు చెప్పులన్నీ పారేసి కొత్తవి కుట్టించుకోవాలి. అయినా కిందటి వేసవిలో ధైర్యం చేశాను, రెండోవాళ్ళవి ఇరవై తెచ్చి ఇరవై మెషీన్లు చేశాను, చక్కగా నడిచాయి. సురేశ్ ఫోన్ చేసి, “ఏందక్కా, కొత్త చుట్టాలొచ్చినరట ఇంటికి” అని నవ్వాడు. అంతే అన్నాడు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. తర్వాత రెండు నెలలు నాకు రావలసినవి ఏదో ఒక కారణంతో వెనకపడ్డాయి, ఒకసారి కస్టమ్స్, ఒకసారి సర్వర్ డౌన్. నేనూ ఏమీ అడగలేదు. మూడో నెల నేనే ఫోన్ చేసి, చుట్టాలు వెళ్ళిపోయారు సురేశ్ అన్నాను, నవ్వుతూనే. ఆ మాట అన్నాక వంటింట్లోకి వెళ్ళి గిన్నె తోమాను, తోమిన గిన్నె మళ్ళీ తోమాను, అంత సిగ్గేసింది.

కానీ ఇవాళ్టి చిక్కు వాళ్ళు తెచ్చింది కాదు, అదే నన్ను కొరుకుతోంది. పోయిన వారం సోమవారం పొద్దున నేను చిక్కడపల్లి గుడి సందులో కూరలు ఏరుకుంటుంటే సురేశ్ ఫోన్. “అక్కా, నీ ఎనభై వచ్చినయ్ అనుకో.” నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, ఈ ఊళ్ళోనే చదివాను, ఇక్కడివాళ్ళు ‘అనుకో’ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు, వచ్చాయి అని కాదు, వస్తాయి అని కూడా కాదు, నువ్వు మనసు నిబ్బరం చేసుకో, మిగతాది దేవుడెరుగు అని. మా ఇంట్లో ‘అనుకో’ వేరు. మా అమ్మ, పిన్నులు మాట చివర ఊరికే తగిలిస్తారు, పెళ్ళి బాగా జరిగిందనుకో, భోజనాలు బాగున్నాయనుకో, అంటే జరిగింది, బాగున్నాయి. నాన్న అయిపోయిందనుకోండి అంటే చెయ్యి తుడుచుకుంటున్నాడన్నమాట. నాకు రెండూ తెలుసు, ఆ క్షణాన ఏది కావాలో అది విన్నాను, మా అమ్మ అనే ‘అనుకో’నే విన్నాను. వంకాయలు సంచిలో వేసుకుని, అక్కడే నిలబడి రాఘవేందర్‌కి ఫోన్ చేశాను. “వచ్చేశాయండీ” అన్నాను. ‘అనుకో’ ఏమైంది? మింగేశాను. మూడక్షరాలు. “మంచి మాట చెప్పిన్రు మేడమ్, ఈ పూట కడుపునిండ తింట” అన్నాడు.

మర్నాడు సురేశ్‌కి చేస్తే ఎల్లుండి అన్నాడు, ఎల్లుండి చేస్తే శుక్రవారం. నేను రాఘవేందర్‌కి చెప్పాలి కదా, చెప్పలేదు, శుక్రవారం వచ్చేస్తే చెప్పే అవసరమే ఉండదనుకున్నాను, చూశావా, అనుకున్నాను, ఇంకెవరినో అనటమెందుకు. శుక్రవారం శనివారమైంది, శనివారం ఈ బుధవారమైంది. మనీషని అన్నీ బిగించి డబ్బాల్లో పెట్టెయ్యమన్నాను, ప్రాసెసర్లు వచ్చిన వెంటనే ఎంతసేపు, ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు, ఇద్దరం కూర్చుంటే మూడు గంటల్లో ఎనభై. మనీష పదకొండేళ్ళుగా నా దగ్గరే చేస్తోంది, నా కంటే చేతి నేర్పున్న మనిషి, డబ్బాకి టేపు వేస్తూ ఒకసారి నా వైపు చూసింది, అడగలేదు. అడిగి ఉంటే కసురుకునేదాన్ని.

ఫోన్. ఈసారి మనీష. ఎత్తాను. “మేడమ్, రాఘవేందర్ సార్ వచ్చిండు. మీరు ఫోన్ ఎత్తుతలేరని ట్రాలీ ఆటో తీస్కొనే వచ్చిండు. డబ్బాలు ఎక్కియ్యాల్నా?” గొంతు తగ్గించి మాట్లాడుతోంది, వెనక ఆటో ఇంజను చప్పుడు. పన్నెండుకి పది. సురేశ్ గాజు గది వైపు చూశాను. “మేడమ్?” అంది. పది నిమిషాలు ఆగు, సార్‌కి మంచినీళ్ళు ఇయ్యి, కూర్చోబెట్టు అన్నాను. కూర్చోబెట్టు అన్నాక నా చెయ్యి సోఫా చేతిమీద పడింది.

ఎక్కించెయ్యమంటే? ఎక్కించెయ్యమంటే ఏమవుతుంది? ప్రాసెసర్ లేకపోయినా మా మెషీన్ స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, ముందు నీలం దీపం వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. తనిఖీవాళ్ళు ఎనభైకి ఎనభై వేసి చూస్తారా? లెక్కపెట్టి, తలుపు పక్కన నాలుగు చూసి, టీ తాగి వెళ్ళిపోతారేమో. నా బీరువాలో పాత స్టాకు ప్రాసెసర్లు అయిదున్నాయి, అవి ముందు వరసలో పెట్టేస్తే, మిగతావి వైరింగ్ ఇంకా అవుతోంది అంటే, రాత్రికి సురేశ్ ఇచ్చేస్తే, రాత్రంతా కూర్చుని బిగించేస్తే, ఆయనకి తెలియనే తెలియదు, ఎవరికీ తెలియదు, ఆదివారం పిల్లలు వచ్చి పరీక్ష రాసుకుని వెళ్తారు. ఎంత చక్కగా అమరిపోతోందో. నా బుర్ర ఇంత చురుగ్గా ఎప్పుడు పనిచేసిందీ మధ్య? అశోక్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని, గ్రంథాలయం చెట్ల కింద నిలబడి చదివి చదివి, ముప్ఫై దాటిపోతున్నా ఇంకొక్క పరీక్ష అంటూ హాస్టళ్ళలో ఉండిపోయినవాళ్ళు, వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి పదిహేడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, నీలం దీపం, ఫ్యాను చప్పుడు, నల్లటి తెర. సురేశ్ ఇయ్యకపోతే? అది రాకపోతే, అన్నాడు నాన్న. నేను నవ్వాను.

గాజు తలుపు తెరుచుకుంది. సురేశ్ నా వైపే వస్తున్నాడు, చేతిలో కాగితాలేమీ లేవు, ఖాళీ చేతులు, అది ముందే చూశాను. లేవబోయాను, సోఫా వదల్లేదు, రెండు చేతులూ ఆనించి లేచాను. ఆ లేవటంలో నేను ముసలిదాన్నై పోయినట్టనిపించింది.

“అక్కా, ఇందాక వచ్చినయ్ రెండొందలు. పైనుంచే పేరు రాసి పంపిన్రు, ఆ పెద్ద కంపెనీకి పోయినయ్. నా చేతుల లేదు.”

“నావి?”

“నీయి రేపు పొద్దుగాల పదింటికి వచ్చినయ్ అనుకో.”

“సురేశ్, ఆ అనుకో తీసేసి చెప్పు.”

అతను నన్ను చూశాడు. ఒక్క క్షణం అమ్మకాల నవ్వు పోయింది, కళ్ళ కింద నలుపు కనిపించింది, ఇతను కూడా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఫోన్ తిప్పి తెర నా ముందు పెట్టాడు, పైనుంచి వచ్చిన మెయిల్, ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా, రేపు పంపగలమని ఆశిస్తున్నాము అని. “నాకు వాళ్ళు చెప్పిందే గిది అక్కా. అనుకో తీసేస్తే నా తాన ఏం మిగలది.” లక్ష్మయ్య గారు సోఫాలోంచి తల ఎత్తకుండానే, “నా ఆరు?” అన్నాడు.

రాఘవేందర్‌కి నేనే చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, చిక్కడపల్లి వైపు రైలు అప్పుడే కదిలింది.

“రాఘవేందర్ గారూ, ప్రాసెసర్లు రాలేదండీ. పోయిన వారం సోమవారం కూడా రాలేదు. వచ్చాయని నేను అబద్ధం చెప్పాను.”

అనేశాను. ఆటో ఇంజను చప్పుడు ఆగిపోయింది అవతల. నేను తిట్లకి తల వంచుకుని నిలబడ్డాను, తిడితే బాగుండును, తిడితే ఏదో ఒకటి తీరిపోతుంది.

“ఎరుకే మేడమ్,” అన్నాడు. “ఒక డబ్బా విప్పిన. మీ మనీష వద్దన్నది, అయినా విప్పిన. నల్ల మూత ఉన్నది లోపల.” డబ్బా మూసిన చప్పుడు. “నాకు ఒక్కటే సమజైతలేదు. సోమవారం రాలేదని చెప్పుంటే, నేను పాతయి ఇచ్చేస్తుండెనా? మీరు వచ్చినయ్ అన్నరని అదే పూట బర్కత్‌పుర బడికి ఎత్తి పంపిస్తి. తొంభై సిస్టమ్స్. మెల్లగనే గానీ నడుస్తుండె మేడమ్. మంచిగ నడుస్తుండె.”

ఈ సంగతి నాకు తెలియదు. పాతవి ఉన్నాయనే ఎక్కడో లోపల ధైర్యంగా ఉన్నాను, ఇంతసేపూ, మరీ కాకపోతే వాటితో గడుపుతాడు అని. వాటిని వెనక్కి తెప్పించలేరా అన్నాను. “ఒక్కొక్కటి ఒక్కొక్క క్లాసుల పెట్టి, కొన్నిట్ల ఏవేవో ఎక్కిచ్చిన్రట. నాలుగింటికల్ల యాడైతది?” అన్నాడు. నేను క్షమించమని అడిగాను. వేళ్ళ చప్పుడు వినిపించింది, నా బల్లమీదే, టక్ టక్ అని మెల్లగా.

“వాళ్ళను రేపటిదాక ఆగుమని అడుగుత. ఆగితే ఆగుతరు, లేకుంటే సెంటర్ పోతది. జర సోచాయించి చెప్పుర్రి, వాళ్ళకు నేనేం చెప్పాలె? రేపు వస్తయా?”

“రేపు పదింటికని సురేశ్ అంటున్నాడు. నేను అనటం లేదండీ.”

“మరి నేనేం అనుకోవాలె మేడమ్?”

ఆయన వెటకారంగా అనలేదు. లెక్క కుదరని కుర్రాణ్ణి అడిగినట్టు, నిజంగా జవాబు కోసం అడిగాడు. వేరే ఎక్కడైనా ఎనభై మెషీన్లు అద్దెకి దొరుకుతాయేమో చూడండి, నేనూ ఫోన్లు చేస్తాను అన్నాను. పొద్దున్నించి అదే పని మీద ఉన్నాడట, ఎక్కడా లేవట. “ఇంక యాడికి పోత? ఈడనే కూసుంట. మీకు దొరికితేనే నాకు దొరికినట్టు,” అన్నాడు, ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. మా వర్క్‌షాపులో కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. ఆ కుర్చీ ఏదో నాకు తెలుసు, తలుపు పక్కన, రెక్సిన్ చిరిగింది, కొనడానికి వచ్చినవాళ్ళని ఆగమన్నప్పుడు నేను అందులోనే కూర్చోబెడతాను, పంతొమ్మిదేళ్ళుగా.

“ఉంటవా అక్కా, పోతవా?” సురేశ్ గాజు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “రెండింటికి ఇంకొక కాల్ ఉన్నది పైనోళ్ళతోని. ఉంటే మంచిగుంటది. పోతే మాత్రం నేనేం చెప్పలేను.”

ఉంటాను అన్నాను. లక్ష్మయ్య గారు కొంచెం జరిగి చోటిచ్చాడు.